ఏరుకు పోతానన్నాడు

తనిఖీ వస్తోందంటే అందరికంటే ముందు వచ్చేది సున్నం వాసన. ఆ మంగళవారం పొద్దున వరాలమ్మ డ్యూటీకి వచ్చేసరికి నివాస్ గోడలు సగం తెల్లగా, సగం గని దుమ్ము రంగులో ఉన్నాయి. వరండాలో ఇసుక బకెట్లకు ఎర్ర రంగు వేస్తున్నారు. నిప్పు ఆర్పే సిలిండరు ఇన్నేళ్ళకు మూల వదిలి గోడెక్కింది. గుమ్మం మీది బోర్డును కూడా ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టున్నారు. ‘ఎవరి గది వారిది, ఎవరి ఇష్టం వారిది, సాయం మాత్రం మనది’ అన్న హిందీ అక్షరాలు కొత్తగా మెరుస్తున్నాయి.

గని కంపెనీ టౌన్‌షిప్ చివర కట్టించి ఇచ్చిన ఇల్లది. పుట్టుకతోనో జబ్బుతోనో ఒంటరిగా బతకలేక, ఎవరో ఒకరి తోడు కావలసిన మనుషులు పదకొండు మంది అందులో ఉంటారు. ఆసుపత్రి కాదు, ఆశ్రమమూ కాదు. వాళ్ళ ఇంట్లో వాళ్ళున్నట్టే ఉండాలన్నది దాని పద్ధతి. ఆ పద్ధతి ఏ మాత్రం నడుస్తోందో చూడటానికి శుక్రవారం జగదల్‌పూర్ నుంచి ఠాకూర్ మేడమ్ వస్తోంది. ఆవిడ సంతకం పడితే మూడేళ్ళు నిశ్చింత. పడకపోతే తలుపులు మూయాల్సిందే.

“దీదీ, హుంగా రిజిస్టరు నువ్వే చూపించాలి. ఈసారి మన పేరు నిలబెట్టేది అతనే” అన్నాడు మేనేజరు శుక్లా. బిలాస్‌పూర్ మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పదకొండు మంది వెంట తిరుగుతాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

గోడకు అంటించడానికి శుక్లా ఒక చార్టు గీయించాడు. అడుగున నెలల పేర్లు. పక్కన అంకెలు. ఫిబ్రవరిలో కొండంత ఎత్తున్న ఎర్ర గీత మార్చిలో సగానికి, ఏప్రిల్లో పాదాల దాకా జారి, మేలో నేలకు ఆనింది. హుంగా ఎన్నిసార్లు పారిపోవాలని చూశాడో చెప్పే అంకెలవి. మొత్తం అరవై మూడు. అరవై మూడూ వరాలమ్మ చేత్తో రాసినవే.

ఆ గీతను చూసి ఆమె గర్వపడింది. అబద్ధం ఎందుకు, బాగా గర్వపడింది. పోయిన వానల్లో, ఈ ఇంట్లోనే ఉండే సన్న అనే అతను ఎవరూ చూడకుండా పెరటి గోడ దాటి ఏటికి వెళ్ళాడు. గని కడిగిన నీళ్ళు పారే ఎర్రటి ఏరు అది. తెల్లారి అతని శవాన్ని మంచం మీద తెచ్చారు. కాళ్ళకు అంటిన ఎర్ర బురద కడిగింది వరాలమ్మే. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోది పోలేదు. అందుకే ఫిబ్రవరిలో వచ్చిన హుంగా, రెండో రోజు మధ్యాహ్నమే పెరటివైపు వేలు చూపించి “ఏర్... ఏర్” అన్నప్పుడు ఆమెకు ఆ బురదే గుర్తొచ్చింది. అతని నోట వచ్చే నాలుగు మాటల్లో ఆమెకు తెలిసింది అదొక్కటే. ఏరు. అచ్చమైన తెలుగు మాట.

ఆ పూటే అతన్ని గదిలో కూర్చోబెట్టి బయట గడియ వేసింది. రిజిస్టరులో, ఏరును నాలా అంటూ, హిందీలో రాసింది: ‘నాలా వైపు వెళ్తానని పట్టుబట్టాడు. గదిలో ఉంచి గడియ పెట్టాను. గంటలో శాంతించాడు.’

ఇప్పుడు ఎంత బాగున్నాడో! వరండా బల్ల మీద ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర లోపలికి వంగి ఉంటుంది. మూర్ఛకు వేసుకునే మాత్రలు అతన్ని సగం నిద్రలోనే ఉంచుతాయి. వరాలమ్మ కొబ్బరి నూనె సీసా తెచ్చి, చూపుడు వేలితో అతని పెదవులకు రాసింది. పెదవులు పగిలి, చివర్లలో రక్తం గట్టిపడి ఉంది. రెండు నెలలుగా రోజూ రాస్తోంది.

“ఏటి బాబూ ఈ పెదాలు! ఈ ఎండల్తో సచ్చిపోతన్నాం” అంది. హుంగా ఆమె వేలినే చూస్తూ ఉండిపోయాడు.

బుధవారం పొద్దున వంటగదిలో, మద్దేడ్ ఊరి సమ్మక్క పప్పు కడుగుతోంది. పాత వంటావిడ మానేసి ఒడిశా వెళ్ళిపోతే, మొన్న ఆదివారమే ఈమెను పెట్టారు. నలభై ఏళ్ళుంటాయి. నోరు ఊరుకోదు. తెలుగు, హిందీ, గోండి, దొర్లి ఒకే వాక్యంలో వండి వారుస్తుంది. వరాలమ్మకు ఆమె తెలుగు వింతగా ఉంటుంది, ఆమెకు వరాలమ్మ తెలుగు నవ్వులాటగా ఉంటుంది.

“ఏటీ, ఏటీ అంటవేందక్కా? మా దిక్కు ఏంది అంటరు.”

“ఏందీ, ఏందీ అంతావేటి? మావేపు ఏటి అంతారు” అని వరాలమ్మ తిప్పికొట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

పెరటి గేటు దగ్గర కూరలమ్మే కమ్లీ గంప దించింది. కొండవైపు పల్లె నుంచి రెండు గంటలు నడిచి వస్తుంది. మెడంతా చెమట. గేటు ఊచ పట్టుకుని వంటగదివైపు చూసి, “ఏర్” అంది.

కిటికీ దగ్గర పళ్ళేలు తుడుస్తున్న వరాలమ్మ తలెత్తింది. ఈవిడకు ఏటితో ఏం పని, అనుకుంది.

సమ్మక్క చేతులు కొంగుకు తుడుచుకుని, కుండలో చెంబు ముంచి, గేటు సందులోంచి అందించింది. కమ్లీ తల వెనక్కి వాల్చి, గుటక గుటకకూ గొంతు కదులుతుండగా చెంబు ఖాళీ చేసింది. అడుగున మిగిలిన చుక్కలు ముఖాన చల్లుకుంది.

వరాలమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉంది.

“సమ్మక్కా. ఆవిడ ఏటడిగినాది నిన్ను?”

“నీళ్ళడిగింది.”

“కాదు. ఏరు అన్నాది. నాను ఇన్నాను.”

“ఆ, ఏర్ అంటే నీళ్ళే గదక్కా. గోండిల ఏర్ అంటరు. దొర్లోళ్ళు గూడ గంతే.” సమ్మక్క మళ్ళీ పప్పు దగ్గర కూర్చుంది. “నీకు తెల్వదా? ఎన్నేండ్లాయె నువ్వొచ్చి?”

ముప్పై ఎనిమిదేళ్ళు. పద్నాలుగో ఏట నాన్న వెంట శ్రీకాకుళం పల్లె నుంచి రైలెక్కి వచ్చింది. ఇక్కడే పెళ్ళి, ఇక్కడే పిల్లలు, మొగుణ్ణి సాగనంపిందీ ఇక్కడే. టౌన్‌షిప్‌లో తెలుగు కిరాణా ఉంది, తెలుగు గుడి ఉంది, పైడితల్లి పండగ కూడా చేస్తారు. మిగతా వాటికి హిందీ సరిపోయింది. ఎవరి కొండ తవ్వుకుని ఇంతమంది అన్నం తింటున్నారో, వాళ్ళు నీళ్ళను ఏమంటారో తెలుసుకోవలసిన అవసరం ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ పడలేదు.

ఆమె పెరట్లోకి నడిచింది. హుంగా వేలు చూపించిన వైపు నిలబడి చూసింది. గోడ అవతల దూరంగా ఏరు. గోడకు ఇవతల, పదడుగుల్లో, బట్టలుతికే కుళాయి. చుక్క చుక్కగా కారుతూ కింద నాచు పట్టి ఉంది.

హాల్లో మంచినీళ్ళ ఫిల్టరు ఉంది, నిజమే. బొత్తాం నొక్కి పట్టుకుంటే నీళ్ళొస్తాయి. ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో బొత్తాం. అది హుంగాకు చాతకాదు. అన్నాలప్పుడు గ్లాసు, మాత్రలప్పుడు సగం గ్లాసు ఇస్తారు. ఈ రోహిణి ఎండల్లో, నోరు ఎండబెట్టే ఆ మాత్రలతో, మిగతా పొద్దంతా అతను ఏం చేయాలి? అడగాలి. అడిగాడు.

వరాలమ్మ కుళాయి గట్టు మీద కూలబడింది. సమ్మక్క భయపడి పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందక్కా? కండ్లు తిరిగినయా?”

“అడగందే అమ్మయినా పెట్టదంతారు కదే” అంది వరాలమ్మ. “ఆడు అడిగినాడే. అరవై మూడు సార్లు అడిగినాడు. అడిగినప్పుడల్లా గదిలో పెట్టి గడియేసినాను.”

సమ్మక్కకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పక్కన కూర్చుని వరాలమ్మ వీపు మీద చెయ్యి వేసి, “తెల్వక చేసినవక్కా” అంది.

“తెలీక సేసినా తెలిసి సేసినా, నోరెండిపోయింది ఆడిది.”

గురువారం వరాలమ్మ పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. ఎవరికీ చెప్పలేదు. అదేదో ప్రాయశ్చిత్తం అని కాదు, ఎలా ఉంటుందో చూద్దామని. పదకొండు గంటలకు నాలుక అంగిలికి అతుక్కుంది. పన్నెండింటికి దుప్పట్లు మడుస్తుంటే చెవుల్లో హోరు మొదలైంది. ఒంటిగంటకు ఓర్చుకోలేక ఫిల్టరు దగ్గరికి పరుగెత్తి, బొత్తాం నొక్కి, మూడు గ్లాసులు దించకుండా తాగింది. తాగాక ఏడుపొచ్చింది. తనకు పరుగెత్తే వీలుంది, నొక్కే చెయ్యి ఉంది. రిజిస్టరులో గడియ పెట్టిన వేళలన్నీ రెండు, రెండున్నర.

నిన్నటినుంచి ఇస్తున్నట్టే హుంగాకు కూడా గ్లాసు నింపి ఇచ్చింది. అతను తాగాడు. ఇంకోటి ఇస్తే అదీ తాగాడు. మూడోదీ తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. చార్టులో గీత నేలకు ఎందుకు ఆనిందో అప్పుడు ఆమెకు పూర్తిగా తెలిసింది. ఎండలు ముదిరేకొద్దీ గీత దిగింది. దాహం తగ్గి కాదు, అడగడం వల్ల లాభం లేదని తెలిసి.

శుక్లా గదికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. ఆమె హిందీ గని పనివాళ్ళ హిందీ, ఆడా మగా తేడా లేనిది. అయినా శుక్లాకు అర్థమైంది. చేతిలో కలం కింద పెట్టాడు. లేచి కిటికీలోంచి వరండాలో ఉన్న హుంగాను చూశాడు.

“ఇప్పటినుంచి గంట గంటకూ నీళ్ళివ్వండి” అన్నాడు చివరికి. “గడియ తీయించేస్తాను. కానీ దీదీ, శనివారం. రేపు ఈ మాట ఎత్తకు.”

“సార్, అది అబద్ధం అవుతుంది.”

“విను. బయట గడియ ఉండకూడదని నియమం. ఆ గడియకు మన దగ్గరున్న జవాబు నీ రిజిస్టరొక్కటే. పారిపోయే ప్రమాదం ఉంది, అందుకే పెట్టాం, పెట్టాక తగ్గింది. అది పోతే ఏం మిగిలింది? దాహమన్నవాణ్ణి బంధించిన ఇల్లు మిగిలింది. మూసేస్తారు. నిరుడు ఇలాంటి ఇల్లొకటి మూశారు, గుర్తుందా? అందులో ఉన్నవాళ్ళలో ఇద్దరు జగదల్‌పూర్ స్టేషన్లో తేలారు. ఈ పదకొండు మందినీ నువ్వు తీసుకెళ్తావా మీ క్వార్టరుకు?”

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ గడప మీద నిలబడి వరాలమ్మ తెలుసుకుంది. “సరే సార్” అని వచ్చేసింది.

శుక్రవారం పదింటికి జీపు దిగిన ఠాకూర్ మేడమ్, అందరూ అనుకున్నట్టు గద్దించే మనిషి కాదు. యాభై దాటిన బక్కపలచటి మనిషి, కాళ్ళకు బట్ట బూట్లు. వెంట ఫొటోలు తీసే గుమాస్తా ఒకడు. ఆవిడ బీరువాల వెనక చూసింది. పరుపులు ఎత్తి చూసింది. స్నానాలగది గచ్చు మీద అరికాలు రాసి జారుతుందేమో చూసింది. వంటగదిలో పప్పు రుచి చూసి “ఉప్పు సరిపోయింది” అంటే సమ్మక్క పొంగిపోయింది. మంచినీటి వసతి ఉందా అన్న ప్రశ్న దగ్గర గుమాస్తా ఫిల్టరును ఫొటో తీశాడు. మేడమ్ ‘ఉంది’ అని గీత పెట్టింది.

హుంగా గది దగ్గర ఆగింది. గడియను వేలితో పైకీ కిందికీ కదిపింది.

“ఇది బయట ఎందుకుంది?”

శుక్లా చార్టు చూపించాడు. సన్న సంగతి చెప్పాడు. రిజిస్టరు ఆవిడ చేతికిచ్చాడు. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని అరవై మూడింటినీ ఓపిగ్గా తిరగేసింది. వరండా బల్ల మీద కూర్చున్న హుంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని వీళ్ళను చూస్తున్నాడు.

“ఏప్రిల్ తొమ్మిది తర్వాత ఒక్కటీ లేదే!” ఆవిడ ముఖం విచ్చుకుంది. “ఇంత మార్పు నేను చాలాచోట్ల చూడలేదు. రాసింది మీరేనా? ఏం చేశారమ్మా?”

వరాలమ్మ నోరు తెరిచింది. ‘ప్రేమగా చూసుకున్నాం’ అని చెప్పాలి. శుక్లా అదే నేర్పాడు. ఠాకూర్ మేడమ్ కళ్ళలో మెచ్చుకోలు చూసింది. ఇంత వయసొచ్చినా ఎవరూ తనను అలా చూసిన గుర్తు లేదు. ఆ మెచ్చుకోలు హుంగా పెదవుల మీది పగుళ్ళలోంచి వచ్చిందని గుర్తొచ్చింది.

“ఉస్‌నే పానీ మాంగా, మేడమ్” అంది. “మైనే నాలా లిఖా.”

అతను నీళ్ళడిగాడు, నేను ఏరని రాశాను. ఆ రెండు ముక్కలు చెప్పాక మిగతాది ఆగలేదు. సగం హిందీ, సగం తెలుగు, చేతులతో కొంత. గోండి మాట తన చెవికి తెలుగై, తన చేతిలో హిందీ అయి కాగితమెక్కేసరికి, అసలు మాట ఏదో ఇక ఎవరికీ తెలిసే దారే లేకపోయిందని చెప్పింది. మాట తెలియనిచోట, వంటగదిలోంచి వచ్చిన సమ్మక్క అందుకుంది. శుక్లా నేల చూపులు చూశాడు.

ఠాకూర్ మేడమ్ రిజిస్టరు మూసింది.

“మీరు చెప్పేది నిజమో కాదో నాకు గోండి రాదు కదా, తెలియదు. ఒక గ్లాసు నీళ్ళు తెప్పించండి. ఆ మాట అతనితో అనండి, ఏం చేస్తాడో నేను చూస్తాను.”

సమ్మక్క కుండలోంచి చల్లటి నీళ్ళు తెచ్చింది. వరాలమ్మ గ్లాసు పుచ్చుకుని బల్ల దగ్గరికి వెళ్ళి, హుంగా ఎదురుగా గొంతుక్కూర్చుంది. అతని కళ్ళు గ్లాసు మీద పడ్డాయి. కింది పెదవి కదిలింది. చెయ్యి చాస్తాడని ఆమెకు ఆశ పుట్టింది.

“ఏర్” అంది మెల్లగా. ఆ మాట ఆమె మొదటిసారి పలికింది. “ఏర్, హుంగా.”

హుంగా గ్లాసు మీదినుంచి చూపు తిప్పేసుకున్నాడు. బల్ల పట్టుకుని లేచాడు. ఎవరూ ఏమీ అనకముందే, మేడమ్ పక్కనుంచి, గుమాస్తా పక్కనుంచి ఒదిగి నడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళాడు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తలుపు వైపు చూశాడు. గడియ చప్పుడు కోసం చూశాడు. అది ఎంతకీ రాలేదు. మళ్ళీ లేచి వచ్చి, బాగున్న చేత్తో తలుపు తనే దగ్గరికి లాక్కున్నాడు.

వరాలమ్మ చేతిలో నీళ్ళు ఒలికి చీర తడిసింది. ఆమె లేవలేదు.

“చాలు” అంది ఠాకూర్ మేడమ్. “నాకు తెలిసింది.”

ఇల్లు మూయలేదు. అది ముందే చెప్పేస్తే మంచిది. ఆర్నెల్లకు షరతులతో సంతకం పెట్టింది ఆవిడ. గోండి వచ్చిన మనిషిని పనిలో పెట్టాలని, మంచినీళ్ళు ఎవరి మంచం దగ్గర వారికి అందేలా ఉండాలని, బయట గడియలు ఆ పూటే ఊడాలని రాసింది. దాని కిందే ఇంకో షరతు ఉంది: బాధ్యత వహించిన సంరక్షకురాలిని ఆ పని నుంచి తప్పించాలి. ఒకటో తారీకు నుంచి వరాలమ్మకు బట్టలుతికే పని. ఆ మాట చెప్పేటప్పుడు శుక్లా ఆమె ముఖం చూడలేదు. కోపంతోనో, సిగ్గుతోనో ఆమెకు తెలియలేదు. న్యాయంగానే ఉంది అనుకుంది, దుఃఖం మాత్రం ఆగలేదు.

గడియ ఆమే ఊడదీసింది. స్క్రూలు తుప్పు పట్టి రాకపోతే కొబ్బరి నూనె పోసి తిప్పింది. అదే సీసాలోది. తలుపు మీద నాలుగు చిల్లులు మిగిలాయి. శుక్లా వాటికి మైనం పూయిస్తానంటే వద్దంది.

ఆదివారం బజారు నుంచి సమ్మక్క ఎండిన సొరబుర్ర ఒకటి తెచ్చింది. కొండవైపు వాళ్ళు పొలానికి నీళ్ళు పట్టుకెళ్ళేది. కమ్లీ ఇంట్లోది.

“గ్లాసు గాదక్కా, ఇది ఆయనకు ఎరుకైన వస్తువు. దీంట్లె పోసి పెట్టు. ఆ మాట మాత్రం అనకు.”

వరాలమ్మ బుర్ర నింపి హుంగా మంచం పక్కన పెట్టింది. అతను దాన్ని చూసి, చెయ్యి చాపి, నడుం లాంటి సన్నటి చోట ఒకసారి తడిమాడు. తాగలేదు. ఆమె బయటికి వచ్చి, తలుపు బార్లా తెరిచి ఉంచి, వరండా చివర తువ్వాళ్ళు ఆరవేస్తూ నిలబడింది. అటు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. చాలాసేపటికి లోపల బుర్ర నేలకు తగిలిన మెత్తటి చప్పుడైంది. వెళ్ళి ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంది. హుంగా గడ్డం తడిగా ఉంది. ఆమెను చూసి, తప్పు చేసినవాడిలా చేత్తో తుడుచుకున్నాడు.

రిజిస్టరు ఇంకా రెండు రోజులు ఆమె చేతిలోనే ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుని తెరిచింది. తారీకు వేసింది. వేళ వేసింది, రెండుంబావు. హిందీలో రాయబోయి ఆగి, ఆ పుస్తకంలో ఎన్నడూ లేనిది, తెలుగులో రాసింది.

‘నీళ్ళు తాగాడు. అడగలేదు.’